అరుగుకు పోయిన సిమెంటు

రిగ్గు మీద పనికి పోబోయే కుర్రాళ్ళకి మా పనిలో వాడే మాటలన్నీ విడమరిచి రాసిపెట్టమని మా తమ్ముడి అల్లుడు అడిగినాడు. ఆ పిల్లలకు పాఠాలు చెప్పేది అతనే. సరేనని కూర్చున్నాను. నాలుగు మాటలకి అర్థాలు రాసేసరికి నాకే విసుగు పుట్టింది. బిట్టు అంటే నేలను కొరికే ఇనుప పన్ను, కేసింగు అంటే బావి గోడ కూలకుండా దించే గొట్టం. ఇదంతా పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంది. దానికి నేనెందుకు?

నేను చిల్లకూరు పక్కన వరి పండించే ఇంట్లో పుట్టినాను. మడిగట్టు మీద ఉండాల్సినవాణ్ణి, చమురు వెతికే వాళ్ళ దగ్గర కూలీగా చేరి, డ్రిల్లరునై, ఆ పనిలోనే తల నెరిసి ఇంటికొచ్చినాను. నా చేతి మీద చమురు పడ్డ బావులూ ఉన్నాయి. వాటి గొప్పలు చెప్పుకోవడానికి చాలామంది ఉన్నారులే. నేను చెప్పబోయేది చమురు పడని బావి సంగతి. అరవైల్లో, మా నెల్లూరు సముద్రం ఒడ్డున తవ్వినాం. మీకు కావాల్సిన మాటలు ముక్కాలు మువ్వీసం ఆ ఒక్క బావిలోనే ఉన్నాయి. కాకపోతే వాటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

మడ్డు

చిట్టమూరు దాటి తూర్పుకు పోతే ముందు రోడ్డు అయిపోతుంది, తర్వాత కాలవ, కాలవ దాటితే ఇసుక. ఒక పక్క పులికాటు, ఒక పక్క సముద్రం, మధ్యలో తాటిచెట్లూ సరుగుడూ, చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటి. ఆ నేల కింద పొరలు ఎట్టా ఉండాయో, చమురుకు చోటుందో లేదో చూడమని మమ్మల్ని పంపినారు. రిగ్గంటే బావి తవ్వే యంత్రం. దాని ఇనుప గోపురం, ఇంజన్లు, పంపులు అన్నీ కలిపి ఆ మాటే. ఆ సామాను రైల్లో వస్తా వస్తా బిట్రగుంట యార్డులో ఇరుక్కుని, అక్కణ్ణించి బయటపడి, నాయుడుపేటలో దిగి, ముక్కలు ముక్కలుగా పడవల మీద కాలవ దాటేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

మా పైఅధికారి శేషాచలం గారు. డ్రిల్లింగ్ ఇంజనీరు. అనంతపురం దిక్కు మనిషి, పొట్టివాడు, గొంతు మాత్రం ఊరంత. మమ్మల్ని తిట్టకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు. తిట్టినవాడికి జ్వరమొస్తే తన కిరసనాయిలు స్టవ్వు మీద గంజి కాచి స్వయంగా తెచ్చి తాగించేవాడు. పనిలో ఆయనంత గట్టివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు చెయ్యి రాలేదు.

ఆయన మాకు మొదట నేర్పింది మడ్డు. బిట్టు తిరుగుతుంటే పైపు లోపలినుంచి పల్చటి బురదను కిందికి తోస్తాం, ఆ బురదే మడ్డు. అది బిట్టును చల్లబరిచి, కొరికిన రాతిపొడిని మోసుకుంటూ పైపు చుట్టూ ఉన్న సందులోంచి పైకొస్తుంది. చూడ్డానికి అదొక రొచ్చు. కానీ బావిని కాపాడేది ఆ రొచ్చే. నేల లోపలి పొరల్లో నీళ్ళో గ్యాసో ఒత్తిడి మీద ఉంటే, ఈ మడ్డు బరువే దాన్ని అణచి పెడుతుంది. బరువు చాలకపోతే లోపలిది పైకి తన్నుకొస్తుంది. దాన్ని కిక్కు అంటాం. కిక్కును ఆపలేకపోతే బ్లోఅవుట్ అవుతుంది. అప్పుడిక బావీ ఉండదు, రిగ్గూ ఉండదు, ఒక్కోసారి మనుషులూ ఉండరు.

ఆ బావిలో మాకు కిక్కు వచ్చింది. మిట్ట మధ్యాహ్నం. మడ్డు గుంటలో మట్టం ఊరికే పెరుగుతా ఉంది, మేమేమీ పోయకుండానే. నేను కేకేసినాను. శేషాచలం గారు స్నానం మధ్యలో లేచి, వంటినిండా సబ్బుతో, తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చినాడు. నవ్వే ధైర్యం ఎవడికీ లేదు. గుంటలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు, తుపుక్కున ఉమ్మినాడు. ఉప్పు. సముద్రం ఉప్పు కాదది, దాన్ని మించిన కటిక ఉప్పు. లోపలెక్కడో ఉప్పునీళ్ళ ఇసుక పొర బలమైన ఒత్తిడి మీద ఉందన్నమాట. బావి నోరు బిగించి, బరువైన పొడి కలిపిన మడ్డు తోసి, సాయంత్రానికి దాన్ని అణిచేసినాం.

ఆ ఉప్పు పొర సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. అది అణిగింది గానీ చావలేదు. నేల లోపల ఒత్తిడికి చావుండదు, మనం మూత పెట్టినంత వరకే దాని మర్యాద.

ఎండిన బావి

ఆ తర్వాత ఆ పొరకు పైదాకా కేసింగు దించి, ఇంకా లోతుకు తవ్వినాం. చమురు వాసన కూడా తగల్లేదు. తీగ కట్టిన పరికరం దించి, ఏ లోతులో ఏముందో గీతలు గీయించినారు. దాన్ని లాగింగ్ అంటారు. కింద ఉప్పునీళ్ళు, మధ్యలో పనికిరాని బంకమన్ను, పైన ఒకచోట మాత్రం మంచి ఇసుక పొర, దాన్నిండా తీపినీళ్ళు. మా లెక్కలో అది డ్రై హోల్. అంటే ఎండిన బావి. చమురో గ్యాసో లేకపోతే, నీళ్ళు ఎన్ని ఉన్నా మాకది ఎండినట్టే.

పాళెం వాళ్ళ లెక్క వేరు. వాళ్ళు తాగేది దొరువు నీళ్ళు. ఇసుకలో గుంట తీస్తే ఊరే నీళ్ళవి. వానకు ఇంకిన తీపినీళ్ళు కింది ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి. ఎక్కువ తవ్వితే ఉప్పు పైకొస్తుంది. అందుకని దొరువును నడుము లోతు దాటి తవ్వకూడదని, తవ్వితే గంగమ్మకు కోపం వస్తుందని పాళెంలో కట్టడి. ఎండాకాలం దొరువులు అడుగంటితే కాలవ అవతలికి పోయి తెచ్చుకోవాల. ఆడవాళ్ళకు నెత్తి మీద బిందె దిగేది కాదు.

చెంగమ్మ అని, మా క్యాంపుకు చేపలు తెచ్చేది. మొగుణ్ణి సముద్రం తీసుకుంది. ఒక్కడే కొడుకు, పోలయ్య. నల్లగా, ఒడ్డుగా, పనిమంతుడు. వాడికి పిల్ల దొరకడం లేదు. చెంగమ్మ తిరగని ఊరు లేదు. ప్రతి చోటా ముందు అడిగేది నీళ్ళెక్కడ అనే. ఈ పాళెం పేరు చెబితే మాట అక్కడితో ఆగిపోయేది. మాకు చేపలు తూస్తా ఆమె చెప్పుకునేది ఇదొక్కటే. కొడుకు పెళ్ళి తప్ప ఆమెకు లోకంలో ఇంకేం కోరికుందో నాకు తెలియదు.

బావిలో తీపినీళ్ళు ఉన్నాయని ఎవడు చెప్పినాడో ఏమో, ఒకరోజు చేపల తట్ట పక్కన పెట్టి నేరుగా శేషాచలం గారి దగ్గరికి పోయి నిలబడింది.

“అయ్యా, ఆ నీళ్ళు మాకు ఇడిసిపెట్టి పొండి. నా కొడుక్కి పిల్లనీమంటే తలుపులేసుకుంటుండారు. బిందెలు మొయ్యడానికి మా బిడ్డను పంపం అంటుండారు.”

ఆయన వాళ్ళ దిక్కున నీళ్ళ కరువు ఎట్టాంటిదో మాకెప్పుడూ చెప్పలేదు గానీ, ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. ఇస్తానమ్మా అన్నాడు. ఆమె అంతటితో పోలేదు. ఇసుకలో నీళ్ళు పడితే రొచ్చవుతుంది, బిందెతో ఆడవాళ్ళు జారి పడతారు, చుట్టూ ఒక అరుగు కట్టించమని అడిగింది. ఆయన నవ్వినాడు. అరుగొక్కటే ఏమి, తొట్టి కూడా కట్టిస్తానన్నాడు.

సిమెంటు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, పిల్లలూ. బావిని విడిచిపోయేటప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. లోపల ఒత్తిడి ఉన్న ప్రతి పొరకూ పైన, గొట్టం లోపల సిమెంటు పోసి బిరడా వేయాల. దాన్ని ప్లగ్గు అంటాం. పోసి వదిలేస్తే కాదు. అది గట్టిపడేదాకా కాచుకుని, పైపు దించి, దాని బరువంతా ప్లగ్గు మీద మోపి చూడాల. నిలబడిందంటే సరి, దిగిందంటే మళ్ళీ పోయాల. ఈ పనికి చప్పట్లు కొట్టేవాడు ఉండడు. చమురు పడిన రోజు దండలు వేస్తారు గానీ, ప్లగ్గు నిలబడిన రోజు మనకు టీ నీళ్ళు కూడా ఎవడూ పోయడు.

మా పథకం ఇది. ఉప్పు పొర మీద ప్లగ్గు వేయడం. పైన తీపినీళ్ళ ఇసుకకు ఎదురుగా గొట్టానికి చిల్లులు కొట్టడం. దాన్ని పెర్ఫొరేషన్ అంటారు, చమురు బావులకు కూడా అట్టాగే చేస్తారు. ఆ చిల్లుల్లోంచి తీపినీళ్ళు గొట్టంలోకి వచ్చి వాటంతట అవే పైకి పొంగుతాయి. పథకం మంచిదే. ఇప్పటికీ నేను దానికి వంక పెట్టను.

వంకంతా సిమెంటు దగ్గర వచ్చింది. సముద్రపు గాలికి మూటలు చాలావరకు రాళ్ళై కూర్చున్నాయి. ఏరగా ఏరగా మిగిలిన మంచివి ప్లగ్గుకు సరిగ్గా సరిపోతాయి. కొత్తవి తెప్పించాలంటే మళ్ళీ రైలు, మళ్ళీ పడవ. ఇంతలో వానలు పడకముందే రిగ్గు విప్పి ఇంకో చోటికి పంపమని పైనుంచి తంతి. శేషాచలం గారు మూటల చుట్టూ రెండుసార్లు తిరిగి, కొన్ని పక్కన పెట్టించినాడు. అరుగుకూ తొట్టికీ.

సిమెంటు కలిపే పని నాది. ఉన్నదంతా లోపలికే పోవాల గదయ్యా అన్నాను.

“ప్లగ్గు కాస్త పొట్టిదైనా నిలబడుతుందిలేరా. ఆ తల్లికి మాటిచ్చినాను.”

గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే నేను ఎదురు చెప్పేవాణ్ణేమో. ఆయన మెల్లిగా మాట్లాడినప్పుడు ఎవరికీ నోరు లేచేది కాదు.

పొట్టి ప్లగ్గే పోసినాం. బరువు మోపి చూడాలంటే ఇంకొక రోజు ఆగాల, ఆ రోజు మాకు లేదు. చిల్లులు కొట్టినాం. నీళ్ళు మొదట మురిగ్గా, తర్వాత తేటగా పొంగినాయి. శేషాచలం గారు దోసిలి పట్టి తాగి, కళ్ళు మూసుకున్నాడు. పాళెమంతా వచ్చింది. ముసలివాళ్ళు కూడా పిల్లలతో కలిసి తడిసినారు. చెంగమ్మ బిందె నిండేదాకా చూసి, దాన్ని ఎత్తుకోవడం మరిచిపోయి ఊరికే నిలబడింది. నేను బతుకులో చూసిన సంతోషాల్లో అదొకటి, అబద్ధమెందుకు చెప్పాల.

అరుగు మాత్రం అద్భుతంగా కట్టినారు. ఒక పక్క రిగ్గు విప్పుతుంటే శేషాచలం గారే తాపీ పట్టి, వాటం చూసి, అంచులు నున్నగా తీర్చినాడు. నీళ్ళు ఆపడానికి గొట్టానికి చక్రం ఉన్న వాల్వు బిగించినాం. అది తిప్పడం పోలయ్యకు నేర్పింది నేనే. ఆ ఏడాదే వాడికి కోట దగ్గరి ఊరి పిల్లతో పెళ్ళయిందని పడవవాళ్ళ ద్వారా తెలిసింది. మేమప్పటికి ఎక్కడో ఉన్నాం. శేషాచలం గారు అందరికీ మిఠాయి పంచినాడు. తన కొడుక్కి పెళ్ళయినా అంత సంబరపడడేమో అని మాలో మేం అనుకున్నాం.

పైన పటారం లోన లొటారం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. డబ్బు తినేవాడు చేసే పనిని ఆ మాట అంటారు. మంచివాడు కూడా అదే పని చేస్తాడు, జాలితో. కళ్ళ ముందు నిలబడిన మనిషికి కళ్ళ ముందు కనిపించేది ఇవ్వాలని ఉంటుంది. నేల లోపల ఎవరికీ కనిపించని చోట ఉండాల్సిన సిమెంటు, అందరూ చూసే చోటికి వచ్చేస్తుంది. మా పనిలో దొంగల కన్నా ఈ జాలే ఎక్కువ బావుల్ని చెరిచింది. కటువుగా ఉందా? ఉండనీండి.

నీళ్ళు తిరగడం

రెండో ఏడు సెలవు మీద ఇంటికొస్తే గూడూరు సంతలో పోలయ్య కనిపించినాడు. నన్ను చూసి పలకరించినాడు గానీ నవ్వలేదు. నీళ్ళు మొదట చప్పబడినాయంట. తర్వాత బియ్యం ఉడకడం మానేసినాయి. తర్వాత నోట పెట్టలేకపోయినారు. ప్లగ్గును పక్కకు నెట్టుకుని కింది ఉప్పు గొట్టంలోకి వచ్చేసిందని నాకు వెంటనే అర్థమైంది. వాల్వు కట్టేయొచ్చు గదరా అన్నాను. ఉప్పుకు చక్రం తుప్పుపట్టి బిగుసుకుపోయిందంట, పది మంది వేలాడినా తిరగలేదంట. ఆ నీళ్ళు రాత్రీ పగలూ పొంగి, పల్లానికి పారి, దొరువుల్లో పడినాయి. తీపినీళ్ళు ఇంటి ముందుకు వచ్చినాక దొరువులు తోడిన వాళ్ళు లేరు, అవి సగం పూడిపోయే ఉన్నాయి. పూడినవి పూడగా, మిగిలినవి ఉప్పయినాయి.

పోలయ్య పెళ్ళాం కానుపుకు పుట్టింటికి పోయింది. బిడ్డ పుట్టినాక పంపమంటే ఆమె నాయన పంపలేదు. ఉప్పునీళ్ళు తాగి బతకమని నా బిడ్డను ఇయ్యలేదు అన్నాడంట. అందులో ఆయన తప్పేముంది? చివరికి పోలయ్యే అక్కడికి పోయి ఉండిపోయినాడు. తల్లిని రమ్మంటే రాలేదు. పాళెంలో సగం ఇళ్ళు ఖాళీ. మా అమ్మను అందరూ తిడతా ఉండారన్నా, నడుము లోతు చాలక గంగమ్మ కడుపు చీల్పించిందని అంటుండారు, అన్నాడు పోలయ్య.

నేను పోయి శేషాచలం గారికి చెప్పినాను. ఆయన పై ఆఫీసు చుట్టూ తిరిగినాడు, చిన్న రిగ్గు ఒకటి ఇవ్వండి, ఆ బావిని మళ్ళీ పూడుస్తానని. చమురు లేని చోటికి రిగ్గెందుకు పంపాలని వాళ్ళు అడిగినారు. జీతం లేని సెలవు పెట్టుకుని ఒకసారి పాళెందాకా పోయినాడంట, ఊళ్ళోకి పోలేక కాలవ ఒడ్డునుంచే తిరిగొచ్చినాడంట. ఆ తర్వాత మేం పనిచేసిన ప్రతి బావిలో ప్లగ్గు మీద బరువు ఆయనే నిలబడి మోపించేవాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. మమ్మల్ని తిట్టడం మానేసినాడు. తిట్లు లేని రిగ్గు మాకు శ్మశానంలా ఉండేది. సర్వీసులో ఉండగానే గుండెపోటు వచ్చి పోయినాడు. తప్పు చేసినాడని రాస్తున్నాను గదా, ఈ అక్షరాలు రాస్తుంటే కూడా ఆయన్ని తలుచుకుని నాకు ఏడుపొస్తోంది.

ఆయన పోయినాక నేను పాళెం పోయినాను. ఎందుకు పోయినానో చెప్పలేను. పోకుండా ఉండలేకపోయినాను.

మిగిలిన నాలుగైదు ఇళ్ళల్లో చెంగమ్మ ఇల్లొకటి. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తా ఉంది. గొట్టంలోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి, చుట్టూ ఇసుక మీద తెల్లటి ఉప్పు. ఇన్నేళ్ళకూ ఆ అరుగు మీద ఒక్క బీట లేదు. నన్ను గుర్తుపట్టింది. ఆ అయ్య బాగుండాడా అని అడిగింది. పోయినాడని చెప్పినాను. చేతిలో వల కింద పెట్టి కాసేపు కళ్ళు తుడుచుకుంది. మహానుభావుడు, నేను అడగబట్టి ఇచ్చినాడు, గంగమ్మ నా మీది కోపం ఆయన మీద కూడా చూపించింది అని ఏడ్చింది.

ఆ మాట నేను భరించలేకపోయినాను. గంగమ్మకూ దీనికీ సంబంధం లేదక్కా అన్నాను. నీళ్ళు అడగడం తప్పు కాదు. లోపల వేసిన సిమెంటు చాల్లేదు, అంతే. ఇంకొన్ని మూటలు పడి ఉంటే ఉప్పు పైకి వచ్చేది కాదు, అని చెప్పినాను. ఆమె గుండె మీది బరువు దించుదామనే చెప్పినాను.

చెంగమ్మ ఏడుపు ఆపింది. నా ముఖం వంక చూసింది. తర్వాత తను కూర్చున్న అరుగును చూసింది, ఆ పక్కన తొట్టిని చూసింది. అరిచేత్తో ఆ నున్నటి సిమెంటును నిమిరింది. నాకప్పుడు తెలిసింది నేనేం చేసినానో. ఆమె ఒక్కటే అడిగింది.

“దీన్ని పగలగొట్టి ఇప్పుడు లోపల పోస్తే, సరిపోతాదా నాయనా?”

పోయలేమక్కా, ఒకసారి గట్టిపడినాక సిమెంటు ఇంక దేనికీ రాదు అన్నాను. ఆమె అరుగు దిగి, వల తీసుకుని ఇసుకలో కూర్చుంది.